కొరికిన రొట్టె

ఉజ్బెకుల ఊరు మర్గిలాన్‌లో అంజిరత్ వంటింటి గోడకి, తలుపు తీయగానే కంటికెదురుగా, ఒక పాత మేకు ఉంది. ఆ మేకుకి తువ్వాలు తగిలించకూడదు, జల్లెడ తగిలించకూడదు. తెలియక ఏ పొరుగింటి కొత్తకోడలో వచ్చి తన శాలువా తగిలిస్తే, అంజిరత్ దాన్ని తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టేది. ఆ పిల్ల మళ్ళీ ఆ పని చేసేది కాదు.

ఆ మేకు కొట్టింది నలభై ఒకటిలో, యుద్ధం మొదలైన ఏడు. అంజిరత్ అప్పటికింకా పుట్టలేదు. ఆమె తల్లి ఖైరినిసాకి ఒక్కడే తమ్ముడు, మమాజాన్. పంతొమ్మిదేళ్ళవాడు. సైన్యంలోకి పిలుపొచ్చిన రోజు ఖైరినిసా తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టెని అతని నోటి దగ్గర పెట్టింది. దూరం వెళ్ళేవాడు రొట్టెని ఒక్కసారి కొరికి వదిలి వెళ్ళాలి. మిగిలింది ఇంకెవరూ ముట్టుకోరు, గోడకి తగిలిస్తారు. వాడు తిరిగొచ్చి తన రొట్టె తనే తిని ముగించాలి. తినాల్సిన మెతుకు మిగిలుంటే అది మనిషిని ఎక్కడున్నా లాక్కొస్తుందని అక్కడి వాళ్ళ నమ్మకం. మమాజాన్ నవ్వుతూ బుగ్గ నిండేంత ముక్క కొరికి, నములుతూనే రైలెక్కాడు. చచ్చిపోయాడని కాగితం రాలేదు. బతికున్నాడని ఉత్తరమూ రాలేదు. రొట్టె మాత్రం ముప్ఫై ఏళ్ళు ఆ మేకుకి వేలాడింది. ప్రతి గురువారం సాయంత్రం ఖైరినిసా దాన్ని దించి, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, మళ్ళీ తగిలించేది. వీధి తలుపు చప్పుడైతే చాలు, పొయ్యి మీద ఏముందో కూడా చూడకుండా లేచి వెళ్ళేది.

మమాజాన్ వెళ్ళిన మరుసటి శీతాకాలంలో రైళ్ళ నిండా పిల్లల్ని తెచ్చి మర్గిలాన్ ఉన్న ఆ లోయలో దింపారు. యుద్ధంలో అమ్మానాన్నా పోయినవాళ్ళు, ఎక్కడ పోయారో తెలియనివాళ్ళు. అనాథాశ్రమంలో పిల్లలకి ఎండు మల్బరీ పళ్ళు ఇచ్చి వద్దామని ఒక గిన్నె పట్టుకు వెళ్ళిన ఖైరినిసా, గిన్నె అక్కడ వదిలేసి ఒక పిల్లని ఎత్తుకుని ఇంటికొచ్చింది. గడ్డిరంగు జుట్టు, మెడలో దారానికి కట్టిన అట్టముక్క. దాని మీద "క్లావా, రెండేళ్ళు ఉండొచ్చు" అని మాత్రమే రాసుంది. ఖైరినిసా మొగుడు చెప్పులు కుట్టేవాడు, కుంటికాలు కాబట్టి యుద్ధం అతన్ని వదిలేసింది. అతను గోడ మీది రొట్టె వంక చూసి, మమాజాన్ వాటా తిండి ఈ పిల్లకి పెడదాం, ఇక్కడ ఇది తింటే అక్కడ వాడి ఆకలి తీరుతుంది అన్నాడట. దత్తత కాగితాలు రాయించుకోవాలని ఇద్దరికీ తోచలేదు. పిల్ల ఇంట్లో ఉంది, తింటోంది, ఏడుస్తోంది, ఇంకా కాగితం దేనికనుకున్నారు. దేశం పోయాక కాగితం తప్ప ఇంకేమీ పనికిరాదని వాళ్ళకేం తెలుసు పాపం.

మూడేళ్ళకి అంజిరత్ పుట్టింది. ఇద్దరికీ ఒకే దుప్పటి, ఒకే పళ్ళెం. క్లావా గడ్డిరంగు జుట్టుని ఖైరినిసా నలభై సన్నజడలుగా అల్లేది. క్లావా నోట పలికిన మొదటి మాట ఉజ్బెకు మాటే. బడిలో నేర్చుకున్న రష్యన్ చివరిదాకా మాట్లాడింది గాని, ఆ యాస విని రష్యన్‌వాళ్ళు నవ్వేవారు. పదకొండో ఏట మల్బరీ చెట్టు మీంచి పడి పైవరసలో ముందుపన్ను పోగొట్టుకుంది. అప్పట్నుంచి బుట్టలో రొట్టె ఎవరు దొంగతనంగా కొరికినా తల్లికి ఇట్టే తెలిసిపోయేది. కొరికినచోట నడుమ చిన్న గట్టు మిగిలితే అది క్లావా పని. పెద్దయ్యాక అందరూ బంగారు పళ్ళు పెట్టించుకుంటుంటే ఈమె పెట్టించుకోలేదు. నవ్వినప్పుడు కాస్త గాలాడాలి కదా అనేది.

ఇద్దరూ పట్టు ఫ్యాక్టరీలో పక్కపక్క తొట్ల దగ్గర ఇరవై ఏడేళ్ళు పనిచేశారు. మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు వేసి, వేళ్ళతో వెతికి పోగు కొస పట్టుకోవడం ఆ పని. వేళ్ళ చర్మం తెల్లగా ఉబ్బి, చలికాలంలో చీలిపోయేది. కొస దొరకబుచ్చుకోవడంలో క్లావాని మించినవాళ్ళు లేరు. అంజిరత్‌కి దొరక్కపోతే గూడు అక్క తొట్లోకి విసిరేది. క్లావా చూడకుండానే కొస తీసి వెనక్కి విసిరేది. ఇద్దరూ అలా రోజంతా మాట్లాడుకోకుండా కబుర్లు చెప్పుకునేవారు.

అంజిరత్‌కి పెళ్ళయింది. ఆరేళ్ళయినా పిల్లలు పుట్టలేదని మొగుడు పుట్టింటికి పంపేశాడు. పంపినవాడికి రెండో భార్యతోనూ పుట్టలేదు, ఆ సంగతి విని క్లావా వీధిలో నిలబడి పకపకా నవ్వింది. డెబ్భై ఒకటిలో తల్లి పోయింది. నలభయ్యో రోజున మావయ్య రొట్టె ఏం చేయాలన్న మాట వచ్చింది. రొట్టెని పారేయకూడదు. ఇక వచ్చి తినేవాడూ లేడు. అంజిరత్ దాన్ని మేకు మీంచి దించింది గాని ఆ పైన చేతులాడలేదు. క్లావా తీసుకుని కాలువ ఒడ్డుకు వెళ్ళి, నీళ్ళలో నానబెట్టి, పిడికెడు పిడికెడు పిట్టలకి వేసింది. ఒక్క రొట్టె వెయ్యడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఇంటికొచ్చి, ఇంత బరువు నేనెప్పుడూ మొయ్యలేదు అంది. అంజిరత్ ఆ మాట విన్నది గాని పట్టించుకోలేదు.

క్లావా పెళ్ళి చేసుకున్న ఫ్యాక్టరీ మెకానిక్ ఫ్యోదర్ ఎనభై నాలుగులో పోయాడు. కూతురు ల్యుదా చదువుకోసం రష్యాలోని ఇవానవ వెళ్ళి అక్కడే పెళ్ళిచేసుకుని ఉండిపోయింది. క్లావా తన మూటా ముల్లే సర్దుకుని పాత ఇంటికి, చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక దానిమ్మ చెట్టు, ఒక తందూరు. పొద్దున్న టీ దగ్గర పోట్లాట, రాత్రి టీ దగ్గర రాజీ. ఇలాగే ముసలివాళ్ళమై పోతామని అంజిరత్ నిశ్చింతగా ఉంది.

సోవియట్ దేశం పోయిందని తొంభై ఒకటి డిసెంబరులో టీవీలో చెప్పారు. ఎక్కడో మంచులో పెద్దమనుషులు కూర్చుని సంతకాలు పెట్టారట. అంజిరత్ రాత్రి పడుకున్న పరుపు మీదే పొద్దున్న లేచింది, అదే కిటికీ, అదే మంచు పట్టిన దానిమ్మ చెట్టు, దేశం మాత్రం వేరేది. మొదట ఇద్దరూ నవ్వుకున్నారు. ఇన్నాళ్ళూ పొద్దున్నే రేడియోలో జాతీయగీతం పాడి మరీ లేపేది, పోతూ పోతూ చెప్పనైనా లేదు అంది క్లావా. తర్వాత ఫ్యాక్టరీ వారానికి మూడు రోజులకి వచ్చింది. మనం తీసే పోగు వేరే దేశానికి పోయేదట, రంగులు ఇంకో దేశం నుంచి వచ్చేవట. నిన్నటిదాకా అవన్నీ ఒక ఇంట్లో గదులు. ఇప్పుడు ప్రతి గదికీ తాళం.

ఒకరోజు పాల వరుసలో వెనకనుంచి ఎవడో కుర్రకుంక క్లావా జుట్టు చూసి, మీ దేశం పోవచ్చుగా ముసలమ్మా, ఇక్కడ పాలు మాకే చాలడం లేదు అన్నాడు. క్లావా వెనక్కి తిరిగి, వాడి తాత పేరు, వాడి వీధి, వాళ్ళ తాత ఎవరి దగ్గర చెప్పులు అరువుకు కుట్టించుకుని ఎగ్గొట్టాడో, అన్నీ అచ్చ మర్గిలాన్ ఉజ్బెకులో ఏకరువు పెట్టింది. వరుసంతా నవ్వింది, వాడు తోక ముడిచాడు. ఇంటికొచ్చిన క్లావా మాత్రం నవ్వలేదు. ఆ రోజు పాస్‌పోర్టు తీసి, జాతి అన్నచోట రాసిన 'రష్యన్' అన్న ఒక్క మాటని చాలాసేపు చూస్తూ కూర్చుంది. అనాథాశ్రమం గుమాస్తా ఎవరో జుట్టురంగు చూసి రాసిన మాట అది.

అయినా ఆ కుంక మాటకి ఆమె కదిలేది కాదు. కదిలించింది ల్యుదా ఉత్తరం. మొగుడు వదిలేసి పోయాడు, నాలుగేళ్ళ పిల్లకి ఆస్తమా, మిల్లులో రాత్రి షిఫ్టు, పిల్లని చూసేవాళ్ళు లేరు, అమ్మా నువ్వు రాకపోతే నేను బతకను అని రాసింది. ల్యుదానే ఇక్కడికి రమ్మను అంది అంజిరత్. ఇక్కడికొచ్చి ఏం తింటుంది అంది క్లావా.

తొంభై రెండు శీతాకాలమంతా సర్దుడు సాగింది. అంజిరత్ బయటికి ధైర్యంగానే ఉంది. పిల్ల కాస్త పెద్దదయ్యేదాకానే కదా, రెండేళ్ళు, మహా అయితే మూడు అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. అక్క రొట్టె కొరికి వెళ్తుంది, మేకు సిద్ధంగా ఉంది, ఇంకేం కావాలి? ఆ ఒక్క కాటు కోసమే ఆమె చలికాలమంతా గడిపింది. తనకున్న మనిషి ఒక్కతే. ఆ మనిషి తిరిగొస్తానని పంటితో మాటిచ్చి వెళ్ళాలి.

ప్రయాణం ఏప్రిల్‌లో, మధ్యాహ్నం బండికి. పొద్దున్నే అంజిరత్ తందూరు వెలిగించి, పాలతో పిండి కలిపి, నడుమ పువ్వు ముద్ర గుద్ది, నువ్వులు చల్లి ఒక్కటే రొట్టె కాల్చింది. శుభ్రమైన గుడ్డలో పెట్టి అక్క ముందుకు తెచ్చింది.

"పన్ను నొప్పిగా ఉందే," అంది క్లావా.

"ఏ పన్ను? ఉన్నదా, ఊడిందా?"

క్లావా నవ్వలేదు. బండి వేళైపోతోంది అంది. ఇంకా రెండు గంటలుందని ఇద్దరికీ తెలుసు. మూటల తాళ్ళు విప్పి మళ్ళీ కట్టింది. అంజిరత్ రొట్టె పట్టుకుని అలాగే నిలబడింది.

"కొరకవన్నమాట."

"కొరకను."

అంజిరత్ నోటికి అప్పుడు అడ్డూ ఆపూ లేకపోయింది. అమ్మ పెట్టిన తిండి అరిగిపోయిందా అంది. యాభై ఏళ్ళు చెల్లీ చెల్లీ అన్నది నాటకమా అంది. పాల వరుసలో ఆ కుంక అన్నదే నిజం, పాస్‌పోర్టులో రాసిన జాతే చివరికి గెలిచింది అని కూడా అంది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది గాని మాట బయటపడిపోయింది.

క్లావా మూట మీద కూర్చుంది. చాలాసేపు తన వేళ్ళ వంక, ఆ చీలిపోయిన తెల్ల చర్మం వంక చూసుకుంది.

"మావయ్య రొట్టె కాలవలో కలిపింది నేనేనే," అంది. "నీ చేతులాడలేదు. అదెంత బరువో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు అమ్మ తలుపు చప్పుడైతే లేచింది. గాలికి లేచింది, పిల్లికి లేచింది. నిన్ను అలా కూర్చోబెట్టి పోలేను. నేను రాలేనే అంజిరత్. రాగలిగితే కొరకనా? నా ముఖం చూసి చెప్పు. నాకు యాభై మూడేళ్ళు. మధ్యలో ఎన్ని దేశాలు మొలిచాయో లెక్కపెట్టు."

"నేనెలా కూర్చుంటే నీకేం? చూడ్డానికి నువ్వెక్కడుంటావు?"

"ఉండననే కదా చెప్తున్నాను."

పక్కింటి తుర్సునాలి తన కారు తెచ్చాడు. అతను ద్రాక్ష, పుచ్చకాయలు లారీలకెత్తి రష్యా బజార్లలో అమ్మేవాడు, దారులన్నీ తెలిసినవాడు. దారి పొడుగునా అతనే మాట్లాడాడు. ఇదే బండి ఇదే పట్టాల మీద ఇప్పుడు నాలుగు దేశాలు దాటుతుంది, ఒక్కో చోట ఒక్కో టోపీవాడు ఎక్కి మూటలు విప్పిస్తాడు, పెద్దక్క టోపీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పొద్దు గడుస్తుంది అన్నాడు. వెనక సీట్లో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. రొట్టె అంజిరత్ ఒళ్ళో, గుడ్డలో, ఇంకా గోరువెచ్చగా ఉంది.

స్టేషన్ నిండా వెళ్ళిపోయేవాళ్ళే. తాతార్లు, కొరియన్లు, జర్మన్లు, రష్యన్లు, నిన్నటిదాకా వీధిలో పొరుగువాళ్ళు. చెక్కపెట్టెలు, కట్టేసిన కుట్టుమిషన్లు, బోనులో పిల్లి. క్లావా రైలుపెట్టె ఎక్కి కిటికీ దగ్గరికొచ్చింది. ఆ కిటికీ పైఅర్ధం మాత్రమే తెరుచుకుంటుంది. పైకి ముఖం, కిందికి అద్దం. బండి కూత వేసింది.

అంజిరత్ అప్పుడు గుడ్డ విప్పింది. రొట్టె రెండు చేతులా పట్టుకుని, అందరూ చూస్తుండగా, తనే అంచు మీద గట్టిగా కొరికింది. మునివేళ్ళ మీద లేచి మిగతా రొట్టెని కిటికీలోంచి లోపలికి తోసింది.

"నువ్వు కొరకొద్దులే," అంది, నోటినిండా ముక్కతోనే. "నేను కొరికాను. నేనొస్తాను. నీ ఇంట్లో మేకు కొట్టించుకో."

అలా ఎవరూ చేయరు. ఉన్నవాళ్ళు కొరికి పోయేవాళ్ళకివ్వడం ఆ లోయలో ఎవరూ ఎరగరు. పక్కనున్న ముసలమ్మ ఒకావిడ, అయ్యో తిరగేసి చేశావమ్మా అంది కూడా. క్లావా రొట్టెని గుండెకి ఆనించుకుని నిలబడింది. బండి కదిలింది. కనబడ్డంతసేపూ ఆమె అలాగే నిలబడి ఉంది. అంజిరత్ కారు దాకా ఆ ముక్క నములుతూనే నడిచింది.

తర్వాతి రోజులు చెప్పడానికేమీ లేదు, అదే వాటి కష్టం. ఆ ఊళ్ళో ఎవరికైనా గిన్నెలో టీ కొంచెం కొంచెమే పోస్తారు. మళ్ళీ మళ్ళీ పోయడమే మర్యాద. గిన్నె నిండా పోశారంటే, ఇక తాగి లేచి వెళ్ళమని అర్థం. అంజిరత్ ఇన్నేళ్ళూ అక్కకి గుక్కెడు పోసి, మళ్ళీ గుక్కెడు పోసి, ఆ వంకతో గంటలు కూర్చోబెట్టేది. ఇప్పుడు తన గిన్నె తనే నిండా పోసుకుని, రెండు గుక్కల్లో తాగి లేచిపోతోంది. తనింట్లోంచి తననే వెళ్ళమంటున్నట్టుంది. ఫ్యాక్టరీ తెరిచిన రోజుల్లో కొస దొరకని గూడుని అలవాటు కొద్దీ పక్క తొట్లోకి విసిరేది. పక్క తొట్టి ఖాళీ. లేచి వెళ్ళి తెచ్చుకునేది. మొదటి నెల నాలుగైదుసార్లు అలా జరిగింది. తర్వాత చెయ్యి నేర్చుకుంది.

ఉత్తరాలు తుర్సునాలి లారీల్లో వచ్చేవి, పోయేవి. రెండేళ్ళ పైచిలుకులో పదకొండు వచ్చాయి. క్లావా అన్నీ ఉజ్బెకులోనే రాసేది. ఐదో అంతస్తు, కాంక్రీటు గోడ, మేకు దిగలేదు, ఎదురింటి తాగుబోతు డ్రిల్లు తెచ్చి గోడంతా పొడిచి చివరికి ఒక మేకు నిలబెట్టాడు అని మొదటిదాంట్లో రాసింది. ఇక్కడ అందరూ నన్ను ఉజ్బెకు ముసలిది అంటున్నారు, నవ్వొస్తోంది, అక్కడ రష్యన్‌దాన్ని, ఇక్కడ ఉజ్బెకుదాన్ని, ఏదో ఒకటి తేల్చి చెప్పండర్రా అని అడగాలనుంది అని ఇంకోదాంట్లో. మనవరాలు గోడ మీది రొట్టె కావాలని ఏడుస్తోంది, అది పిన్నమ్మమ్మ రొట్టె, ఆవిడొచ్చి తింటుంది అని చెప్పాను అని మరోదాంట్లో. ఎప్పుడొస్తావని మాత్రం ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు.

అడక్కపోయినా అంజిరత్ కాళ్ళరిగేలా తిరిగింది. పాత ఎర్ర పాస్‌పోర్టుతో వెళ్ళినవాళ్ళని దారిలో దింపేస్తున్నారని విని, కొత్తదానికి దరఖాస్తు పెట్టింది. ఆఫీసులో ఒక కుర్ర అధికారి, విదేశంలో బంధువులు అన్న గడిలో ఆమె రాసిన 'అక్క' అన్న మాటని చూసి తల గోక్కున్నాడు. ఇంటిపేరు వేరు, తండ్రి పేరు వేరు, జాతి వేరు, ఈవిడ మీకు అక్కెలా అవుతుందమ్మా అన్నాడు. ఒకే దుప్పటి కప్పుకున్నాం అంది అంజిరత్. కుర్రవాడు చెడ్డవాడు కాదు, కాసేపు ఆలోచించాడు, కానీ దుప్పటికి గడి లేదు. కలం తీసి ఆ మాట కొట్టేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆమె బాగా ఏడ్చింది.

చివరికి తొంభై ఐదు ఆగస్టులో పాస్‌పోర్టు చేతికొచ్చింది. సెప్టెంబరులో ద్రాక్ష లారీలు పంపి తను రైల్లో వెళ్తున్నానని, తోడు తీసుకెళ్తానని తుర్సునాలి అంతకుముందే మాటిచ్చాడు. అంజిరత్ ఎండు మల్బరీలు సంచిలో కట్టింది. మనవరాలికి పట్టు గౌను కుట్టింది. అక్కకి చెప్పకుండా వెళ్ళి తలుపు కొట్టాలని, తలుపు తీసిన ముఖం ఎలా ఉంటుందో చూడాలని, ఎవరికీ ఉత్తరం రాయలేదు. వీధిలో నడుస్తూ తనలో తను నవ్వుకుంటోందని పొరుగువాళ్ళు చెప్పుకున్నారు.

ఆగస్టు నెలాఖరులో ఒక పొద్దున్న తుర్సునాలి వచ్చాడు. పుచ్చకాయల బేరానికి రష్యా వెళ్ళిన మనిషి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా ఇక్కడికే వచ్చాడు. టోపీ సర్దుకుని, గడపలోనే కూర్చుని, అరచేతులు చాపి, పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన మొదలుపెట్టాడు. అంజిరత్ కూడా కూర్చుని చేతులు చాపింది. ఎవరి కోసమో అడగలేదు.

"గుండె అక్కా," అన్నాడు ప్రార్థన అయ్యాక. "జులైలో. మనవరాలిని పార్కు నుంచి తెస్తూ మెట్ల మీద కూర్చుందట. ఆసుపత్రిలో రెండ్రోజులు ఉంది. ఇది నీకు చేర్చమని చెప్పి పోయిందట. ల్యుదా ఇచ్చింది."

తెల్ల గుడ్డ మూట. అంజిరత్‌కి అదే గుడ్డ అని తెలుసు. అతను వెళ్ళేదాకా విప్పలేదు. వస్తానని పంటితో మాటిచ్చింది తను. రాలేదు. రాని మనిషి రొట్టె రాని మనిషికే తిప్పి పంపింది, అంతే కదా, న్యాయమే అనుకుంది. దుఃఖం కంటే ముందు సిగ్గు వచ్చింది.

మధ్యాహ్నం ఎప్పుడో విప్పింది. రొట్టె రాయిలా ఎండిపోయింది. దుమ్ము లేదు, ఎవరో వారం వారం తుడిచినట్టు నువ్వులు మెరుస్తున్నాయి. ఒక అంచున తను కొరికిన కాటు. రొట్టెని తిప్పింది. ఎదుటి అంచున ఇంకో కాటు ఉంది. చిన్నది. దాని నడుమ, పన్ను లేనిచోట, చిన్న గట్టు.

అంజిరత్ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్ళింది. తందూరు ముందు పుట్టి పెరిగిన మనిషికి రొట్టె అబద్ధం చెప్పలేదు. ఎండిన రొట్టెని కొరికితే పెళుసుగా విరుగుతుంది. ఇది విరగలేదు. పళ్ళు దిగినచోట పిండి సాగి, సాగిన పోగులు అలాగే ఎండిపోయాయి. మెత్తగా ఉన్నప్పుడు కొరికింది. అంటే ఆ రోజే. బండిలోనే. ఇంకా మొదటి టోపీవాడు ఎక్కకముందే కావచ్చు. చెల్లెలు కనుమరుగు కాగానే, చెల్లెలికి తెలియకుండా, తిరిగొస్తానని మాటిచ్చింది. ఆ తర్వాత పదకొండు ఉత్తరాల్లో ఒక్క ముక్క చెప్పలేదు. ఎదురుచూపంతా తనే మోసి, చెల్లెలికి ఒక్క గురువారం కూడా మిగల్చకుండా పోయింది.

"దొంగముండా," అంది అంజిరత్ పైకే. అని, రొట్టె ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా ఏడ్చింది.

తెల్లారి టీ కాచింది. రొట్టెని రెండుగా విరిచింది. తన కాటున్న సగం టీలో నానబెట్టి, మెల్లగా, మెతుకు వదలకుండా తినేసింది. తన మాట తను తీర్చుకోవాలి కదా. రెండో సగం గుడ్డలో పెట్టుకుని కాలువ ఒడ్డుకు వెళ్ళింది. అక్క ఒకప్పుడు కూర్చున్న చోటే కూర్చుంది. పిట్టలు వచ్చి చుట్టూ వాలాయి, అవి మనుషులు వేసే మెతుకులకి అలవాటు పడ్డవే. ఏం చేయాలో ఆమెకి బాగా తెలుసు. ఎందుకు చేయాలో అక్క ఆ రోజు మూట మీద కూర్చుని విడమరిచి చెప్పింది కూడా. రొట్టెని నీళ్ళ దాకా దించింది. చిన్న గట్టు మీద వేలు తగిలింది. తడవకముందే వెనక్కి తీసేసుకుంది.

ఇంటికొచ్చి ఆ సగాన్ని మేకుకి తగిలించింది. అక్క ఏది వద్దని అంతగా బతిమాలిందో అదే చేస్తున్నానని తెలిసే తగిలించింది. ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం దాన్ని దించి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెడుతుంది. తర్వాత టీ కాచుకుంటుంది. రెండు గిన్నెలు పెట్టుకుని, ఒకదాంట్లో గుక్కెడే పోస్తుంది. మధ్యలో వీధి తలుపు చప్పుడవుతుంది. గాలి అని తెలుసు, లేస్తుంది.